గాయాన్ని వినే ఊరు కావాలి: రాజ్యహింస తర్వాత బాధితుల సాక్ష్యం, సామూహిక జ్ఞాపకం

నిజామాబాద్ పట్నంలో ఖిల్లా గుట్ట మీద పాత జైలు ఉంది. నిజాం పాలన చివరి రోజుల్లో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడ ఖైదీలుగా ఉన్నారు. పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో దాశరథి జైలు గోడల మీద నిజాంను నిలదీస్తూ పద్యాలు రాశాడు. ఆళ్వారుస్వామి తన జైలు అనుభవాల్ని తర్వాత 'జైలు లోపల' కథలుగా రాశాడు. ఇవాళ తెలంగాణ బడిపిల్లలకు కూడా ఆ గోడ సంగతి తెలుసు. అప్పుడు రాజ్యం నేరమన్నదాన్ని ఇప్పటి రాజ్యం గర్వంగా చెప్పుకుంటున్నది.

ఆ ఇద్దరికీ అక్షరం ఉంది, తోటి ఖైదీలున్నారు, బయట వాళ్ల మాట కోసం ఎదురుచూసే ఉద్యమం ఉంది. ఈ మూడింట్లో ఒక్కటీ లేని మనిషి మీద లాఠీ విరిగితే ఆ సాక్ష్యం ఎక్కడ మిగులుతుంది? ఠాణాలో రాత్రంతా గోడకు నిలబెట్టి కొట్టించుకుని, తెల్లారి చెరుకు తోటలో కూలికి పోవాల్సిన మాదిగ యువకుడి మాట ఏ గోడ మీద ఉంటుంది? బాధితుల సాక్ష్యం గురించి, సామూహిక జ్ఞాపకం గురించి, అవి గాయాన్ని మాన్పుతాయనే మాట గురించి మనం మాట్లాడుకోవాల్సింది ఈ ప్రశ్న దగ్గరి నుంచే.

ఏది రాజ్యహింస?

రాజ్యహింస అనగానే ఎన్‌కౌంటర్, కాల్పులు, లాకప్ చావు గుర్తొస్తాయి. అవి నేరుగా కనపడే రూపాలు. 2017 జూలైలో సిరిసిల్ల జిల్లా నేరెళ్ల దగ్గర ఇసుక లారీ ఢీకొని ఒక మనిషి చనిపోతే, కోపంతో జనం లారీలకు నిప్పు పెట్టారు. ఆ తర్వాత పోలీసులు దళిత, బీసీ కుటుంబాల మగవాళ్లను ఇళ్లలోంచి తీసుకెళ్లి చిత్రహింసలు పెట్టారని బాధితులు చెప్పారు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు ఠాణాలో దొంగతనం అనుమానంతో పట్టుకొచ్చిన ఒక దళిత మహిళ చనిపోయింది. ఆ కేసులో ఎస్సైని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఉద్యోగాల నుంచి తొలగించారు.

రెండో రూపంలో రాజ్యం చెయ్యెత్తదు, చేతులు కట్టుకుని నిలబడుతుంది. మన జిల్లాలో దీన్ని గ్రామాభివృద్ధి కమిటీల దగ్గర చూడొచ్చు. ఎన్నిక లేదు, చట్టం లేదు, అయినా ఊరి మీద పెత్తనం వాటిదే. బెల్టు షాపులకు వేలం పాట పెడతాయి, జరిమానాలు వేస్తాయి, మాట వినని దళిత వాడను వెలివేస్తాయి. ఊళ్లో చాటింపు వేస్తారు. కిరాణా కొట్లో ఉప్పు ఇవ్వొద్దు, హోటల్లో చాయ్ పొయ్యొద్దు, ఆటో ఎక్కించుకోవద్దు, పొలం పనికి పిలవొద్దు, మాట్లాడినోళ్లకు జరిమానా. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. సాంఘిక, ఆర్థిక బహిష్కరణ ఆ చట్టం కింద నేరం. సెక్షన్ 4 ప్రకారం విధిని నిర్లక్ష్యం చేసిన అధికారి కూడా శిక్షార్హుడే. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా కేసు కట్టకుండా "కూర్చుని మాట్లాడుకోండి" అని పంపించే ఠాణా ఆ హింసలో భాగస్వామి.

మూడో రూపం నెమ్మదిగా సాగుతుంది. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టారు. ఆ నీళ్లతో బోధన్ చుట్టూ చెరుకు పండింది. 1930ల చివర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారమని పేరు పొందింది. 2002లో ప్రభుత్వం మెజారిటీ వాటాను ప్రైవేటుకు ఇచ్చింది. 2015 డిసెంబర్‌లో లే ఆఫ్ పెట్టి మూసేశారు. ఇక్కడ తుపాకీ పేలలేదు. కానీ ఒక విధాన నిర్ణయం వేల ఇళ్లలో పొయ్యిని ఆర్పింది. ఫ్యాక్టరీ చరిత్ర చెప్పేటప్పుడు నిజాం పేరు, యంత్రాల గొప్ప వినిపిస్తాయి. కాలువలు తవ్వినవాళ్లు, చెరుకు కొట్టినవాళ్లు, బండ్లు తోలినవాళ్లు ఆ చరిత్రలో అంకెలుగా కూడా ఉండరు.

ఈ మూడూ ఒకటే అని మేం అనడం లేదు. లాకప్ చావును, ఫ్యాక్టరీ మూతను ఒకే తక్కెడలో వెయ్యలేం. అయితే మూడింట్లోనూ దెబ్బ తిన్నవాళ్ల మాట వినపడకుండా పోతుంది.

హింస ముందు తెంపేది మాటనే

చిత్రహింస ఎందుకు పెడతారు? నిజం చెప్పించడానికని పోలీసులంటారు. బయటికొచ్చినవాళ్లు ఇక నోరు మెదపకుండా చేయడం దానివల్ల జరిగే పెద్ద పని. దెబ్బలు తిన్న మనిషికి భయంతో పాటు సిగ్గు ఉంటుంది. బట్టలు విప్పించారని, కాళ్లు పట్టుకుని బతిమాలానని, తోటివాడి పేరు చెప్పానని ఇంట్లో కూడా చెప్పుకోలేడు. చేసినవాడికి ఉండాల్సిన సిగ్గును పడినవాడు మోస్తాడు. నిద్ర పట్టదు. జీపు చప్పుడు వింటే చెమటలు పడతాయి. కొందరు తాగుడులో పడతారు. ఇంటోళ్లకు కారణం తెలియదు, మనిషి మారిపోయాడని మాత్రం తెలుస్తుంది.

సాంఘిక బహిష్కరణ ఇదే పనిని ఊరి మొత్తం మీద చేస్తుంది. అది తిండినీ పనినీ ఆపుతుంది, దాంతోపాటు వినేవాళ్లను కూడా తీసేస్తుంది. ఫ్యాక్టరీ మూతబడినప్పుడు జీతంతో పాటు సైరన్, క్వార్టర్స్, యూనియన్ ఆఫీసు, షిఫ్టు దిగాక చాయ్ బండి దగ్గరి ముచ్చట కూడా పోతాయి. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మారిస్ హాల్బ్‌వాక్స్ 1925లోనే ఈ సంగతి చెప్పాడు. మనిషి ఒక్కడే గుర్తుపెట్టుకోడు, తాను ఉన్న గుంపు ఇచ్చిన చట్రంలోనే గుర్తుపెట్టుకుంటాడని ఆయన వాదన. గుంపు చెదిరితే జ్ఞాపకం కూడా చెదురుతుంది.

ఎల్ సాల్వడార్‌లో పనిచేసిన మనస్తత్వవేత్త ఇగ్నాసియో మార్టిన్ బారో ఇంకో అడుగు ముందుకేశాడు. యుద్ధం, అణచివేత చేసిన గాయం ఒక మనిషి తలలో మాత్రమే ఉండదు, మనిషికీ సమాజానికీ మధ్య ఉన్న సంబంధంలో ఉంటుందని అన్నాడు. 1989 నవంబర్‌లో సైన్యం ఆయన్ను కాల్చి చంపింది. ఆయన మాట మనకు నేరుగా పనికొస్తుంది. గాయం సంబంధంలో ఉన్నప్పుడు మందు ఒక్క మాత్రలో ఉండదు. తెగిన సంబంధాన్ని తిరిగి కట్టాలి. అంటే చెప్పేవాళ్లతో పాటు వినేవాళ్లను కూడా తయారుచేసుకోవాలి.

సాక్ష్యం ఎట్లా పనిచేస్తుంది?

1973 సెప్టెంబర్ 11న చిలీలో సైనిక కుట్ర జరిగింది. వేలమందిని పట్టుకెళ్లి హింసించారు. బయటపడ్డవాళ్లు మొదట చికిత్స కోసం రాలేదు, జరిగింది రికార్డు కావాలని మాట్లాడారు. అట్లా మాట్లాడిన కొందరికి కొంత ఊరట కలగడాన్ని అక్కడి మనస్తత్వవేత్తలు గమనించారు. నియంతృత్వం ఇంకా నడుస్తుండగానే, 1983లో ఇద్దరు మారుపేర్లతో ఈ పద్ధతి గురించి ప్రచురించారు. సాక్ష్యాన్ని చికిత్సగా చూడటం అక్కడ పుట్టింది. దాని మూలం ఆసుపత్రి కాదు, రాజకీయ పోరాటం.

ఇది మన దేశానికీ వచ్చింది. 2008 ప్రాంతంలో వారణాసిలో మానవ హక్కుల కార్యకర్తలు, డెన్మార్క్‌లోని చిత్రహింస బాధితుల పునరావాస సంస్థ కలిసి పోలీసు హింస బాధితులతో ఈ పద్ధతిని ప్రయత్నించారు. మొదటి రెండు కూర్చోవడాల్లో బాధితులు చెప్పింది రాసి, వాళ్లకే చదివి వినిపించి, వాళ్లు చెప్పినట్టు దిద్దుతారు. మూడోసారి ఊరి మధ్య గౌరవ సభ పెట్టి, అందరి ముందు ఆ సాక్ష్యాన్ని చదివి, ఆ పత్రాన్ని బాధితుల చేతికిస్తారు. కొన్నాళ్ల తర్వాత నాలుగోసారి కలిసి ఎట్లా ఉన్నారో చూస్తారు.

ఇందులో పనిచేసేవి మూడు. మొదటిది వరుస. హింస జ్ఞాపకం ముక్కలుగా ఉంటుంది. వాసన, బూటు చప్పుడు, ఒక తిట్టు. ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది అని కూర్చితే అది నిన్నటి సంగతి అవుతుంది, ఈ క్షణంలో మళ్లీ మళ్లీ జరగడం తగ్గుతుంది. రెండోది పేరు పెట్టడం. "నా ఖర్మ" అన్నది "నా మీద జరిగిన నేరం" అవుతుంది. సిగ్గు చోటు మారుతుంది. మూడోది గౌరవం. ఏ ఊళ్లో తలదించుకున్నాడో ఆ ఊళ్లోనే పదిమంది లేచి నిలబడి ఆయన కాగితం ఆయన చేతికిస్తారు. వెలివాడ మనిషికి ఈ మూడోది మరీ ముఖ్యం. ఆయన మీద పడ్డ దెబ్బ లాఠీదే కాదు, కులానిది కూడా.

కోర్టు సాక్ష్యం వేరు

కోర్టులో చెప్పే సాక్ష్యం, ఊళ్లో చెప్పుకునే సాక్ష్యం ఒకటి కావు. కోర్టు అడిగినదానికే జవాబు చెప్పమంటుంది. తేదీ, టైము, ఎవరు, ఏ చేత్తో. హింసకు గురైన మనసు తేదీల్ని తికమక పెడుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ తికమకే అబద్ధం కింద లెక్క.

2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో కూంబింగ్‌కు వచ్చిన పోలీసులు తమ మీద సామూహిక అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు చెప్పారు. విచారణ మొదలు కావడానికే పదేళ్లు పట్టింది. 2017లో సుప్రీంకోర్టు దాకా పోయాక గానీ కేసు కదల్లేదు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు దర్యాప్తు లోపాల్ని ఎత్తిచూపి పోలీసుల్ని విడుదల చేసింది. అదే తీర్పులో ఆ మహిళలకు పరిహారం ఇవ్వాలని చెప్పింది. నేరస్థులు తేలలేదు, పరిహారం ఇవ్వాలన్న ఆదేశం మాత్రం వచ్చింది. పదహారేళ్లు ఆ మహిళలు ఒక్క మాట మీద నిలబడటానికి కారణం కోర్టు ఇచ్చిన బలం కాదు. పదకొండు మంది ఒక్కటిగా ఉండటం, హక్కుల సంఘాలు వెంట నడవడం.

అందుకే కోర్టులో గెలిస్తేనే గాయం మానుతుందని అనుకుంటే చాలామందికి ఎప్పటికీ మానదు. కోర్టు ఎందుకులే అనుకుంటే నేరస్థుడికి అంతకన్నా కావాల్సింది లేదు. రెండూ చేయాలి. ఎప్పుడు ఏది అన్నది ముందే ఆలోచించుకోవాలి. కేసు నడుస్తుండగా బయట రాసి ప్రచురించిన కథనాన్ని ఎదుటి లాయరు చేతికి దొరకబుచ్చుకుని వైరుధ్యాలు పట్టగలడు. కాబట్టి సాక్ష్యం రాసే ముందు బాధితుల వకీలుతో మాట్లాడాలి. సవరించిన అట్రాసిటీ చట్టంలో 15ఏ సెక్షన్ బాధితులకు, సాక్షులకు రక్షణ హక్కుల్ని, కేసు సమాచారం తెలుసుకునే హక్కును ఇచ్చింది. విచారణను వీడియో తీయాలని కూడా అందులోనే ఉంది. దాన్ని అడిగి తీసుకోవాలి.

ఈ విషయంలో నిజామాబాద్‌కు సొంత వారసత్వం ఉంది. బొజ్జా తారకం ఈ పట్నంలోనే వకీలుగా పనిచేశాడు. ఇక్కడే అంబేడ్కర్ యువజన సంఘం పెట్టాడు, ఎమర్జెన్సీలో జైలుకు పోయాడు. చట్టం చదువుకోని మనిషి కోసం 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం రాశాడు. ఠాణా గడపలో ఏం అడగాలో తెలిసిన మనిషికి భయం కొంత తగ్గుతుంది. అది కూడా చికిత్సే, దెబ్బ పడకముందు చేసే చికిత్స.

ఒకరి గాయం అందరి జ్ఞాపకం అయ్యేది ఎట్లా?

1985 జూలై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగల్ని చంపారు. బతికినవాళ్లు చీరాలకు తరలిపోయారు, వెనక్కి పోవడానికి ఒప్పుకోలేదు. దళిత మహాసభ అక్కడి నుంచే పుట్టింది. అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న తారకం ఆ పదవికి రాజీనామా చేశాడు. శిబిరంలో కలిసి ఉండటం వల్ల ఒక్కొక్క కుటుంబం దుఃఖం ఒక ఉద్యమానికి పునాది అయ్యింది.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. బాధితులు శవాల్ని ఊరవతల శ్మశానానికి మోయలేదు, ఊరి మధ్యనే పూడ్చిపెట్టారు. ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. నెల తిరిగేసరికి సెప్టెంబర్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ఇంకో దళిత యువకుడు చనిపోయాడు. కులం చేసిన హింసకు రాజ్యం తన వంతు కలిపింది. బాధితులు పట్టుబట్టి చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పును కొట్టేశారు గానీ సమాధుల్ని కొట్టేయలేకపోయారు. ఏటా ఆగస్టు 6న అక్కడ జనం కూడుతూనే ఉన్నారు.

గోదావరికి అవతల, ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న భూమి హక్కుల సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది. అంతకు ఎన్నో రెట్లు ఎక్కువని ఆదివాసీలు, హక్కుల సంఘాలు చెబుతూ వచ్చారు. అక్కడ కట్టిన స్తూపాన్ని కూల్చేశారు, మళ్లీ కట్టారు. చాలా ఏళ్లపాటు ఏప్రిల్ 20 వస్తే చాలు ఆంక్షలు, పోలీసు పహారా. చనిపోయినవాళ్లకు దండం పెట్టుకోవడానికి అనుమతి కావాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి ఆ స్తూపం దగ్గరికి వచ్చి నివాళి అర్పించాడు. ప్రభుత్వాలు మారినా జ్ఞాపకం నిలిచింది అంటే ఆ గూడేలు దాన్ని మోసినందువల్లే.

ఇదే వరుసలో ఎన్‌కౌంటర్ శవాల పోరాటం ఉంది. 1990లలో శవాల స్వాధీన కమిటీతో గద్దర్ తిరిగాడు. 2002లో అమరుల బంధుమిత్రుల సంఘం ఏర్పడింది. ముఖం చూసి, స్నానం చేయించి, ఏడ్చి సాగనంపే హక్కు కోసం సంఘం పెట్టుకోవాల్సి వచ్చిన నేల ఇది. శవం దొరకని ఇంట్లో దుఃఖం ముగియదు. అంత్యక్రియ కూడా ఒక సాక్ష్యమే.

ఈ ఉదాహరణల్లో మూడు వస్తువులు మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక చోటు, ఒక తేదీ, ఏటా వచ్చే మనుషులు. సామూహిక జ్ఞాపకానికి ఇవి మూడూ కావాలి. ఫేస్‌బుక్ పోస్టుకు చోటు ఉండదు, నివేదికకు తేదీ ఉన్నా మనుషులు రారు.

చెప్పడమే గాయమయ్యేది ఎప్పుడు?

చెప్పుకుంటే బరువు దిగుతుందన్న మాట ప్రతిసారీ నిజం కాదు. ఘటన జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించడం వల్ల తర్వాత వచ్చే మానసిక సమస్యలు ఆగవని పరిశోధనలు తేల్చాయి. కొందరికి అది హాని కూడా చేయొచ్చు. దక్షిణాఫ్రికాలో 1996లో మొదలైన సత్య, సయోధ్య కమిషన్ ముందు వేలమంది మాట్లాడారు. మాట్లాడినంత మాత్రాన వాళ్ల మానసిక స్థితి మెరుగుపడలేదని తర్వాతి అధ్యయనాల్లో కనపడింది. మాట్లాడి ఇంటికి పోయాక అదే పేదరికం, ఆలస్యమైన పరిహారం, బయట తిరుగుతున్న నేరస్థుడు. అక్కడి బాధితులు 1995లోనే ఖులుమాని అనే సొంత సంఘం పెట్టుకుని ఇప్పటికీ పరిహారం కోసం కొట్లాడుతున్నారు.

మన దగ్గర ఇంకో ప్రమాదం ఫోన్ కెమెరా. 2017లో మన జిల్లా నవీపేట మండలం అభంగపట్నంలో మొరం తవ్వకాల్ని ప్రశ్నించిన ఇద్దరు దళితుల్ని మురికి కుంటలో మునగమని బెదిరించిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ వీడియో లేకుంటే ఆ ఘటన బయటికి వచ్చేదే కాదేమో. కానీ ఆ ఇద్దరి అవమానాన్ని లక్షలమంది మళ్లీ మళ్లీ చూశారు. వీడియో నేరాన్ని రుజువు చేస్తుంది, అది బాధితుల మాట మాత్రం కాదు. నీళ్లలో నిలబడ్డ మనిషి బొమ్మను పంచుకునే ముందు, గట్టు మీద నిలబడి ఆయన ఏం చెప్పదలచుకున్నాడో అడగాలి.

బోధన్, నిజామాబాద్ ఊళ్లలో మనం ఏం చేయాలి?

చెప్పేవాళ్ల భద్రత మొదట. వైద్యం, వకీలు, తిండి, పని చూడకుండా రికార్డరు తీయొద్దు. వెలివేత నడుస్తున్న ఊళ్లో సాక్ష్యం చెప్పినవాళ్లకు రేపు పాలు ఎవరు పోస్తారో కూడా ఆలోచించాలి.

వద్దనే హక్కు ఎప్పటికీ ఉండాలి. నిన్న ఒప్పుకున్నది ఇవాళ వద్దనొచ్చు. సగంలో ఆపొచ్చు. పేరు మార్చమనొచ్చు. మౌనంగా ఉండిపోవడాన్ని పిరికితనం అనొద్దు. మహిళలతో మహిళలే, వాళ్లు కోరిన చోటనే మాట్లాడాలి. ఇంట్లో మగవాళ్లు వింటుండగా చెప్పలేనివి చాలా ఉంటాయి.

చెప్పినట్టే రాయాలి. ఇందూరు మాటను పుస్తకాల తెలుగులోకి మార్చితే అది చెప్పినవాళ్లకే పరాయిదవుతుంది. సరిహద్దు ఊళ్లలో మరాఠీ కలిసినా, పట్నంలో ఉర్దూ కలిసినా అట్లాగే ఉంచాలి. రాసింది చదివి వినిపించాలి, మొదటి ప్రతి వాళ్ల చేతికే ఇవ్వాలి. మాలాంటి పరిశోధకుల థీసిస్ అల్మారాలో ఉండి, చెప్పిన ఇంట్లో ఒక్క కాగితం లేకపోతే అది సాక్ష్యం కాదు, కోత కోసుకుపోవడం.

తర్వాత చోటు, తేదీ. ప్రతి ఊళ్లో అంబేడ్కర్ విగ్రహం ఉంది. ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న అక్కడ దండలు వేసి ఉపన్యాసాలు చెబుతాం. ఆ రోజు ఒక గంట, ఆ ఊరు పడ్డ వెలివేత గురించి, ఠాణా దెబ్బల గురించి, మూసిన ఫ్యాక్టరీ గురించి పెద్దలు చెబితే పిల్లలు వినే గంటగా మార్చొచ్చు. ఊరి నుంచి వెలివేతను చాటిన డప్పే ఆ రోజు ఆ పెద్దల పేర్లను గౌరవంగా చాటొచ్చు.

చివరిది, అన్నిటికన్నా కష్టమైనది. జ్ఞాపకం న్యాయానికి బదులు కాదు. భారత ప్రభుత్వం 1997లో ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక ఒడంబడికపై సంతకం చేసింది, ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. 2010లో చిత్రహింస నిరోధక బిల్లు లోక్‌సభ దాటి ఆగిపోయింది. ఠాణాల్లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ మండలం ఠాణాలో లాకప్ దగ్గర కెమెరా ఉందా, పనిచేస్తున్నదా అని సమాచార హక్కు చట్టం కింద ఒక్క దరఖాస్తు పెట్టండి. ఆ జవాబు కాపీని సాక్ష్యం చెప్పిన ఇంటికి తీసుకెళ్లండి. తన మాట విని ఎవరో ఒక పని చేశారని ఆ ఇంటికి తెలియాలి. మానడం అక్కడ మొదలవుతుంది.